దెబ్బకు దయ్యం వదలదు

ఉగాది నాడు మన సంఘం వాళ్లమంతా అద్దె హాలులో కలుసుకున్నాం. పచ్చడి తిన్నాం, పంచాంగ శ్రవణం విన్నాం, పిల్లల నాట్యాలకు చప్పట్లు కొట్టాం. తరువాత పులిహోర కాగితపు పళ్లేలు చేత పట్టుకుని నిలబడి కబుర్లలో పడ్డాం. కబుర్లు ఎప్పటిలాగే దేశం మీదికి మళ్లాయి. ఎక్కడో బాంబు పేలింది, ఎవరినో పట్టుకున్నారు. "వాడికి మర్యాదలేమిటండీ! నాలుగు తగిలిస్తే అన్నీ వాడే కక్కుతాడు. దెబ్బకు దయ్యం వదులుతుందని పెద్దలు ఊరికే అన్నారా?" అన్నారు ఒక పెద్దాయన. చుట్టూ ఉన్న పది పన్నెండు మంది తలలూపారు. అందరూ చదువుకున్నవారే. వారిలో ఇద్దరు వైద్యులు. ఆ ఇద్దరూ ఈ వ్యాసం రాస్తున్న మేమే.

పక్కనే ఒక మిత్రుల అమ్మాయి ఉంది. గిమ్నాజియంలో తొమ్మిదో తరగతి చదువుతోంది. "అంకుల్, అలా కొట్టడం నేరం కదా?" అంది. "నీకు తెలీదులే అమ్మా, ఇది మన దేశం సంగతి" అన్నారాయన నవ్వుతూ. అమ్మాయి మా వంక చూసింది. డాక్టర్లు కదా, ఏమైనా చెబుతారనుకుంది కాబోలు. మేము అరిసె ముక్క నోట్లో పెట్టుకుని ఊరుకున్నాం.

ఆనాడు ఇవ్వని జవాబు ఇప్పుడు ఇస్తున్నాం. కొంచెం చేదుగా ఉంటే పెద్దలు మన్నించాలి. ఉగాది పచ్చడిలో వేపపువ్వు వెయ్యకుండా ఎవరం ఊరుకోం కదా.

మొదట ఒక సిపాయి సంగతి చెబుతాం. అతని పేరు శామ్యూల్ ప్రావెన్స్. అమెరికన్ సైన్యంలో సార్జెంటు. మనలో చాలామంది చుట్టాలు వచ్చినప్పుడల్లా కోట చూపించడానికి తీసుకెళ్లే హైడల్‌బెర్గ్‌లోనే అతని దళం ఉండేది. అది సైనిక గూఢచారి దళం. దాని పై బ్రిగేడ్ కేంద్రం వీస్‌బాడెన్‌లో ఉండేది. 2003లో ఆ బ్రిగేడ్ ఇరాక్ వెళ్లింది. బాగ్దాద్ దగ్గరి అబూ గ్రైబ్ జైలులో ప్రశ్నించే పని చూసింది. ప్రావెన్స్ ఎవరినీ ప్రశ్నించలేదు, ఎవరినీ కొట్టలేదు. అతని పని రాత్రి పూట కంప్యూటర్లు చూసుకోవడం. మనలో సగం మంది చేసే పనిలాంటిదే. పక్కన కూర్చున్న వాళ్లు, భోజనాల దగ్గర కలిసిన వాళ్లు తాము చేసిన పనులు గొప్పగా చెప్పుకుంటుంటే విన్నాడు. బట్టలు ఊడదీయడం, నిద్ర పోనివ్వకపోవడం, చలిలో నిలబెట్టడం, కుక్కలతో బెదిరించడం.

అతను చెప్పినవాటిలో ఒక సంగతి మమ్మల్ని వదలడం లేదు. ఒక ఇరాకీ సైనికాధికారిని పట్టుకున్నారు. ఎంత అడిగినా ఆయన నోరు విప్పలేదు. అప్పుడు పదహారేళ్ల ఆయన కొడుకును తెచ్చారు. ఆ పిల్లవాడి మీద ఏ ఆరోపణా లేదు. రాత్రి చలిలో అతన్ని తడిపి, బురద పూసి, వణుకుతూ ఉండగా తండ్రికి చూపించారు. తండ్రి కూలిపోయాడు. చేతులకు సంకెళ్లు సరిగా నిలవనంత బక్కపలచని ఆ పిల్లవాణ్ణి, తల మీద సంచీ తొడిగి, ఒకచోటి నుంచి మరోచోటికి నడిపించే పని ప్రావెన్స్‌కు పడింది.

2004లో అబూ గ్రైబ్ ఫొటోలు లోకానికెక్కాయి. ఇదంతా దారితప్పిన కొందరు జైలు కాపలాదారుల పని అని పై అధికారులు అన్నారు. విచారణకు వచ్చిన జనరల్ తనను కాపలాదారుల గురించే అడిగాడనీ, ప్రశ్నించిన వారి సంగతి తానే ఎత్తితే, ముందే చెప్పనందుకు నీ మీదే చర్య తీసుకుంటామన్నాడనీ ప్రావెన్స్ తరువాత చెప్పాడు. ఎవరితోనూ మాట్లాడవద్దని రాతపూర్వకంగా ఆజ్ఞ వచ్చింది. అయినా 2004 మే నెలలో అతను టెలివిజన్‌తో మాట్లాడాడు. సార్జెంటు హోదా పోయింది. రహస్య పత్రాలు చూసే అర్హత పోయింది. 2006 ఫిబ్రవరి 14న అమెరికా ప్రతినిధుల సభ ఉపసంఘం ముందు ఇవన్నీ ప్రమాణం చేసి చెప్పాడు.

ఇక కొందరు నిందితుల ప్రాథమిక విచారణ 2004 ఆగస్టులో ఎక్కడ జరిగిందో తెలుసా? మన మాన్‌హైమ్‌లో, అప్పట్లో అక్కడున్న అమెరికన్ సైనిక స్థావరంలో. చివరికి పదకొండు మంది సైనికులకు శిక్ష పడింది. దాదాపు అందరూ కింది హోదాల వాళ్లే. వీస్‌బాడెన్ బ్రిగేడ్ కర్నల్‌కు జరిమానా వేసి, పదవి నుంచి తప్పించి సరిపెట్టారు. బర్లిన్ న్యాయవాదులు కొందరు అమెరికా రక్షణ మంత్రి మీదే జర్మనీలో ఫిర్యాదు చేశారు. 2005 ఫిబ్రవరిలో ఫెడరల్ ప్రాసిక్యూటర్ దాన్ని తోసిపుచ్చాడు. 2006లో మళ్లీ చేశారు. మళ్లీ అదే గతి.

ఇందులో మన వైద్య వృత్తి పాత్ర ఏమిటి? 2003 నవంబరులో అబూ గ్రైబ్‌లో ఒక ఖైదీ ప్రశ్నల మధ్యలోనే చనిపోయాడు. శవాన్ని మంచులో పెట్టారు. మర్నాడు స్ట్రెచర్ మీద బయటికి తీసుకుపోయేటప్పుడు, జబ్బుపడిన రోగిలా కనిపించడానికి, చచ్చినవాడి చేతికి సెలైన్ గొట్టం తగిలించారు. ఆ సూది గుచ్చిన చెయ్యి ఎక్కడో శిక్షణ పొందిన చెయ్యే. మేము రోజుకు పదిసార్లు చేసే పనే అది. 2004లో వచ్చిన సైనిక నివేదిక కూడా, కళ్లారా చూసి నోరు మెదపని వైద్య సిబ్బంది ఉన్నారని ఒప్పుకుంది.

"అమెరికావాళ్లు అంతేలెండి" అని తీర్పు చెప్పి చేతులు కడుక్కునే వారికి మరో ఊరి పేరు చెబుతాం. హానోవర్‌కు దగ్గరలో బాడ్ నెన్‌డోర్ఫ్ అని ఒక స్నానాల ఊరు ఉంది. కీళ్ల నొప్పుల వారికి అక్కడి బురద స్నానాలు ప్రసిద్ధి. 1945 వేసవిలో బ్రిటిష్ సైన్యం అక్కడి స్నానశాలను ప్రశ్నల కేంద్రంగా మార్చింది. స్నానపు గదులే ఖైదు గదులయ్యాయి. మొదట నాజీలను, తరువాత సోవియట్ గూఢచారులన్న అనుమానితులను తెచ్చారు. 1947 మొదట్లో, ఆ గడ్డకట్టే చలికాలంలో, అక్కడి ఖైదీలు కొందరు రోటెన్‌బుర్గ్ ఆసుపత్రికి చేరారు. ఎముకల గూళ్లలా ఉన్నారు. కొందరికి చలికి వేళ్లు చచ్చిపోయాయి. అక్కడే ఇద్దరు మరణించారు. ఆ ఆసుపత్రి వైద్యులు చూసి ఊరుకోలేదు, పైకి రాశారు. దాని మీదనే విచారణ జరిగింది, కేంద్రం మూతపడింది. 1948లో సైనిక న్యాయస్థానం అక్కడి అధిపతిని నిర్దోషి అంది. నిర్లక్ష్యం చేశాడని దోషిగా తేలి ఉద్యోగం పోగొట్టుకున్నది ఎవరనుకున్నారు? ఆ కేంద్రపు వైద్యుడు.

సరిగ్గా అదే చలికాలంలో నూరెంబర్గ్‌లో ఏం జరుగుతోంది? 1946 డిసెంబరు 9న మొదలైన వైద్యుల విచారణ. 23 మంది నిందితులు, వారిలో ఇరవై మంది డాక్టర్లు. ఖైదీలను మంచు నీళ్లలో ముంచి ప్రయోగాలు చేసిన పాపానికి ఒకచోట వైద్యులు బోనులో నిలబడి ఉంటే, అదే దేశంలో మరోచోట గెలిచినవారి ఖైదీల కాళ్ల వేళ్లు చలికి రాలుతున్నాయి. ఈ రెండూ ఒకే స్థాయి నేరాలని మేము అనడం లేదు. అలా అనడం అబద్ధమూ, చనిపోయినవారికి అవమానమూ అవుతుంది. మేము చెప్పేది ఒక్కటే. ఈ జబ్బు ఒక జాతి రక్తంలో ఉండేది కాదు. మూసిన తలుపు, పైవాడి అనుమతి, "వాడు మనిషి కాదు" అనే మాట, ఈ మూడూ కలిసిన చోటల్లా పుడుతుంది.

ఇక పెద్దాయన మాటకు వద్దాం. నాలుగు తగిలిస్తే నిజం కక్కుతాడా?

మేము వైద్యులం కనుక వైద్యంతోనే చెబుతాం. కడుపు నొప్పితో వచ్చిన రోగి పొట్టను గట్టిగా నొక్కుతూ "ఇక్కడ నొప్పా, ఇక్కడ నొప్పా" అని అడగండి. అన్నిచోట్లా నొప్పే అంటాడు. అది వినడానికి వైద్యుడు అక్కర్లేదు. నాలుగు రాత్రులు వరుసగా డ్యూటీ చేసిన తరువాత మా ఇంటి ఫోను నంబరే మాకు గుర్తు రాదు. నిద్ర, తిండి, వెచ్చదనం లేకుండా చేసి, నొప్పి పెట్టి, ఆ మెదడులోంచి నిజం తీస్తామంటే, అద్దం పగలగొట్టి ముఖం చూసుకుంటామన్నట్టే. వాడు మాట్లాడతాడు, కాదనం. కానీ మాట్లాడేది నిజం కాదు. దెబ్బ ఆగడానికి ఏ మాట కావాలో ఆ మాట.

ఆ మాటల ధర ఎంతో చూడండి. ఇబ్న్ అల్ షేక్ అల్ లీబీ అనే ఖైదీని అమెరికావాళ్లు ఈజిప్టుకు అప్పగించారు. అక్కడ హింస భరించలేక, ఇరాక్ అల్ ఖైదాకు రసాయన ఆయుధాల శిక్షణ ఇచ్చిందని చెప్పాడు. 2003 ఫిబ్రవరి 5న కోలిన్ పవెల్ ఐక్యరాజ్య సమితిలో ప్రపంచానికి వినిపించిన ఆధారాలలో అదొకటి. మర్నెలే యుద్ధం. 2004లో ఆ ఖైదీ తాను చెప్పింది కల్పన అన్నాడు. ఆ యుద్ధం నుంచే అబూ గ్రైబ్ వచ్చింది. దెబ్బకు వదిలిన దయ్యం ఎవరిని పట్టిందో మీరే చెప్పండి.

కొట్టకుండా నిజం రాబట్టడం కుదరదా? రెండో ప్రపంచ యుద్ధంలో ఫ్రాంక్‌ఫర్ట్ పక్క ఓబర్‌ఉర్జెల్‌లో, పట్టుబడిన శత్రు విమాన చోదకులను ప్రశ్నించే కేంద్రం ఉండేది. అక్కడ హాన్స్ షార్ఫ్ అనే జర్మన్ ఉద్యోగి చెయ్యి ఎత్తకుండా, గొంతు పెంచకుండా, కబుర్లు చెబుతూ, షికారుకు తీసుకెళుతూ సంగతులు రాబట్టేవాడు. చాలామందికి తాము ఏం చెప్పేశామో కూడా తెలిసేది కాదు. యుద్ధం తరువాత అమెరికావాళ్లే పిలిచి అతని పద్ధతి తెలుసుకున్నారు. ఈనాటికీ మనస్తత్వ శాస్త్రజ్ఞులు దాన్ని పరీక్షించి చూస్తున్నారు. నాజీ రాజ్యంలో ఒక ఉద్యోగికి ఉన్నపాటి తెలివి మనకు లేకపోతే ఎలా?

"సరే, ఒక పసివాడి ప్రాణం పోతుంటే?" అంటారు. ఎవరో ఒకరు తప్పక అంటారు. ఇది ఊహాప్రశ్న కాదు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో జరిగింది. 2002 సెప్టెంబరులో పదకొండేళ్ల యాకోబ్ ఫోన్ మెట్జ్‌లర్‌ను ఒక న్యాయశాస్త్ర విద్యార్థి అపహరించాడు. దొరికిపోయాడు, పిల్లవాడెక్కడో చెప్పలేదు. నగర పోలీసు ఉపాధ్యక్షుడు డాష్నర్, నొప్పి పెడతామని వాణ్ణి బెదిరించమన్నాడు. తన ఆదేశాన్ని తానే ఫైలులో రాసిపెట్టాడు. వాడు వెంటనే చెప్పాడు. పోయి చూస్తే పిల్లవాడి శవం దొరికింది. పిల్లవాణ్ణి ఎత్తుకుపోయిన రోజే చంపేశాడు.

ఆ తండ్రి స్థానంలో ఉంటే మేమూ వాడి గొంతు పట్టుకుని ఉండేవాళ్లమే. దాచడం దేనికి? కానీ కన్నతండ్రి కోపం వేరు, రాజ్యం చేతిలోని లాఠీ వేరు. 2004 డిసెంబరులో కోర్టు డాష్నర్‌ను దోషి అంది. పరిస్థితిని అర్థం చేసుకుని, జరిమానాను కూడా షరతు మీద నిలిపివేసి, హెచ్చరికతో వదిలింది. హంతకుడి యావజ్జీవ శిక్ష అలాగే ఉంది. 2010 జూన్ 1న స్ట్రాస్‌బర్గ్ మానవ హక్కుల న్యాయస్థానం మరింత గట్టిగా, ఆ బెదిరింపు ఒప్పందంలోని మూడో అధికరణాన్ని ఉల్లంఘించిందని తేల్చింది. మనిషిని అర్థం చేసుకుంది, పనిని మాత్రం ఒప్పుకోలేదు. మనం ఇక్కడ పౌరసత్వ పరీక్షకు బట్టీపట్టే రాజ్యాంగంలో 104వ అధికరణం సూటిగా అంటుంది. నిర్బంధంలో ఉన్న మనిషిని శరీరంలోగానీ మనసులోగానీ హింసించరాదు. మినహాయింపు ఏమీ రాయలేదు. 1949లో రాసినవాళ్లకు మినహాయింపుల రుచి బాగా తెలుసు.

"ఇది మన దేశం సంగతి" అన్న మాట మిగిలింది. మన దేశం సంగతే చూద్దాం. 1855లో మద్రాసు ప్రెసిడెన్సీలో చిత్రహింసల మీద ఒక కమిషన్ నివేదిక ఇచ్చింది. పన్ను కట్టలేని రైతులను కంపెనీ పాలనలో రెవెన్యూ, పోలీసు ఉద్యోగులు ఏం చేసేవారో అందులో ఉంది. వేళ్లు నొక్కి చిదిపే కిట్టి, మనిషిని వంచి కట్టి ఎండలో ఉంచడం. వాటికి తెలుగులో ఏమంటారో కూడా రాశారు. అంటే మన ముత్తాతల వేళ్లు కూడా ఆ పలకల మధ్య ఉన్నాయన్నమాట. అంతకు ముందు గోల్కొండలో ఖైదుపడ్డ కంచెర్ల గోపన్న కథ ఎవరికి తెలియదు? దెబ్బలకు తాళలేక ఆయన రాముణ్ణే నిలదీశాడు. ప్రతి శ్రీరామనవమికీ ఆ కీర్తనలు మన పిల్లలచేత పాడిస్తాం. లెక్క తేలని సొమ్ము కోసం కొట్టిన దెబ్బలవి. పాటలో రామదాసు వైపు, పళ్లెం చేత పట్టుకున్నాక తానీషా బంట్రోతు వైపు ఉంటామా?

అవి పాత సంగతులంటారా? 2007 మే 18న హైదరాబాదు మక్కా మసీదులో బాంబు పేలింది. తొమ్మిది మంది ప్రాణాలు పోయాయి. పోలీసులు పాతబస్తీ ముస్లిం కుర్రవాళ్లను పదుల సంఖ్యలో పట్టుకున్నారు. వాళ్లను కొట్టారనీ, కరెంటు షాకులు పెట్టారనీ రాష్ట్ర మైనారిటీల కమిషన్ నియమించిన న్యాయవాది విచారించి నివేదిక ఇచ్చాడు. కేసులు కోర్టులో నిలవలేదు. 2012లో ప్రభుత్వం వారిలో కొందరికి పరిహారం ఇచ్చింది. మరుసటి ఏడే ఆ పరిహారం చెల్లదని హైకోర్టు అంది. దర్యాప్తు మరో దిక్కుకు మళ్లి వేరే సంస్థవారి మీద కేసు నడిచింది. 2018 ఏప్రిల్‌లో వారినీ కోర్టు వదిలేసింది. ఇప్పుడు లెక్క చూడండి. దెబ్బలు పడ్డాయి. దయ్యం దొరకలేదు. చనిపోయిన తొమ్మిది మందికి న్యాయం జరగలేదు. హింస బాధితుల పక్షం అనుకునే వారు ఈ లెక్కకు జవాబు చెప్పాలి.

మన చట్టం దెబ్బను ఒప్పుకోదు. పోలీసు ముందు చెప్పిన ఒప్పుకోలు సాక్ష్యం కాదని బ్రిటిష్ కాలం నుంచి ఉంది. 1996లో డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు అరెస్టుకు నియమాలు పెట్టింది. చిత్రహింసల వ్యతిరేక అంతర్జాతీయ ఒప్పందం మీద భారతదేశం 1997లో సంతకం చేసింది. ఆమోదించడం మాత్రం ఈనాటికీ జరగలేదు. 2010లో లోక్‌సభ ఒక బిల్లు ఆమోదించింది. రాజ్యసభలో అది ఆగిపోయింది. ఎవరూ గొడవ చేయలేదు. ఎందుకు చేస్తారు? నాలుగు తగిలించాలన్న వారే అన్ని హాళ్లలోనూ ఉన్నారు, మా వంటి మౌనులతో సహా.

మనలో కొందరికి ఇంకో ధైర్యం ఉంది. "ఇవన్నీ మనలాంటి వాళ్లకు జరగవు." మురాత్ కుర్నాజ్ బ్రేమెన్‌లో పుట్టి పెరిగాడు. పాస్‌పోర్టు మాత్రం టర్కీది. మన పిల్లల్లో చాలామందికి భారత పాస్‌పోర్టు ఉన్నట్టే. 2001లో పాకిస్తాన్‌లో పట్టుబడి అమెరికన్ల చేతికి చిక్కి గ్వాంటనామో చేరాడు. నేరం రుజువు కాలేదు. అతను అక్కడ బోనులో ఉండగా బ్రేమెన్ అధికారులు ఏం రాశారో తెలుసా? ఆరు నెలలకు మించి జర్మనీ బయట ఉన్నాడు గనుక నివాస అనుమతి రద్దయిందని. సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు మనం వేళ్ల మీద లెక్కపెట్టుకునే ఆ ఆరు నెలల నియమమే. 2005లో బ్రేమెన్ కోర్టు దాన్ని కొట్టేసింది. 2006 ఆగస్టులో గాని అతను ఇల్లు చేరలేదు. పరాయి పాస్‌పోర్టు గలవాడికి "వాడికి మర్యాదలేమిటి" అన్న మాట ఎక్కడ ఎప్పుడు తన మీదికి తిరుగుతుందో తెలియదు.

చివరగా తోటి వైద్యులకు ఒక మాట. ఈ దేశంలో మనవాళ్లం చాలామందిమి ఆసుపత్రుల్లో ఉన్నాం. 2015లో సిరియా నుంచి వచ్చి, ఇక్కడి ఆసుపత్రుల్లో ఎముకల వైద్యుడిగా పనిచేసిన ఒకాయన ఉన్నాడు. మనలాగే విదేశీ పట్టా, మనలాగే రాత్రి డ్యూటీలు. హోమ్స్, డమాస్కస్ సైనిక ఆసుపత్రుల్లో ఖైదీలను హింసించాడని, చంపాడని రుజువై, 2025 జూన్‌లో ఫ్రాంక్‌ఫర్ట్ ఉన్నత ప్రాంతీయ న్యాయస్థానం అతనికి యావజ్జీవ శిక్ష వేసింది. పక్క బల్ల మీద టీ తాగిన వారెవరికీ తెలియదు. మేము అతనివంటి వారి రోగులను చూశాం. అరికాళ్ల మీద కొట్టించుకుని, ఏళ్లు గడిచినా నాలుగడుగులు నడిచి కూర్చుండిపోయే మనిషి ఒకరు మా వార్డుకు వచ్చారు. ఎక్స్‌రేలో ఏమీ లేదు. "ఏమైంది?" అని అడిగితే "మెట్ల మీద పడ్డాను" అన్నారు. మూడో రోజు రాత్రి మెల్లగా అసలు సంగతి చెప్పారు. మేము గొంతు పెంచలేదు. కుర్చీ దగ్గరకు లాక్కుని కూర్చున్నాం, అంతే. నిజం అలా వచ్చింది.

ఏం చెయ్యాలంటారా? పెద్ద పనులేమీ అడగడం లేదు. ఇండియాకు పోయినప్పుడు, మీ డాక్టరు బంధువు ఎవరైనా పోలీసులు తెచ్చిన మనిషికి చూడకుండా "గాయాలు లేవు" అని సర్టిఫికెట్టు రాస్తుంటే, అలా రాయవద్దని చెప్పండి. 1975 నాటి ప్రపంచ వైద్య సంఘపు టోక్యో ప్రకటన అదే చెబుతుంది. వాటిని రాసేవాళ్లు మన క్లాసుమేట్లే. భోజనాల దగ్గర ఎవరైనా "నాలుగు తగిలిస్తే" అంటే, గొడవ పెట్టుకోకపోయినా, "అది తప్పండీ" అని ఒక్క మాట అనండి. ప్రావెన్స్ చేసిందీ అంతే. అతనికి హోదా పోయింది. మనకు పోయేది ఒక నిమిషం మొహమాటం.

ఆ అమ్మాయికి ఈ సంచిక పంపిస్తున్నాం. "అవునమ్మా, నేరమే. ఇక్కడా నేరమే, అక్కడా నేరమే. ఆనాడు చెప్పనందుకు మేము సిగ్గుపడుతున్నాం." ఆమెతో నవ్వేసిన పెద్దాయన కూడా ఈ పేజీలు చదువుతారని తెలుసు. ఆయన జవాబు రాస్తే వచ్చే సంచికలో ఇదే చోట అచ్చు వెయ్యమని సంపాదకులకు మా మనవి.